కూలి లెక్కలో రాయని బరువు

(పత్తి, మిరప కూలీల సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడింది మాట్లాడినట్టే, కొద్దిగా సరిచేసి ఇస్తున్నాం.)



ఈ పూట కూలి రేటు గురించే మాట్లాడతామని మీరనుకుని ఉంటారు. దాని గురించీ మాట్లాడతాం. ముందు ఇంకో సంగతి ఉంది. పొద్దుగూకేటప్పుడు పత్తి మూట కాటా మీద పెడితే కిలోలు ఎన్నో తెలుస్తది. తరుగు పేరు చెప్పి ఎంత కోశారో కూడా మనకు తెలుసు, నోరెత్తలేం గానీ తెలుసు. ఆ పత్తి తీసిన మనిషి పొద్దుటి నుండి మోసిన దిగులు, భయం, అవమానం ఏ కాటాకీ ఎక్కలేదు, మేస్త్రి పుస్తకంలోనూ లేదు. మేం చెప్పదలచింది ఆ బరువు గురించే.

మా ముఠాలో ఒక అక్క ఉంది. ఊరూ పేరూ చెప్పం. ఆమె బతికి ఉంది, మన మధ్య తలెత్తుకు తిరగాలి. కూతురి ఆపరేషన్‌కని పత్తి తీతలకు ముందే మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకుంది. సీజనంతా ఆయన చెప్పిన చేలోనే దిగాలి, ఆయన చెప్పిన రేటే తీసుకోవాలి. దీపావళి దాటాక ఆమె మాట తగ్గింది. ముఠాలో పాట ఎత్తుకునే మనిషి పాట మానేసింది. అన్నం సరిగా తినదు, రాత్రిళ్లు లేచి వాకిట్లో కూచుంటది. గాలి సోకిందన్నారు. పాస్టరుగారు ప్రార్థన చేశారు, అత్తగారు తాయెత్తు కట్టించింది. మొగుడు రెండు దెబ్బలు కూడా వేశాడు, సిగ్గుపడి చెప్పాల్సిన మాటే. మేమేం చేశాం? సంఘం అని చెప్పుకునే మేం కూడా "ఆడోళ్ల సంగతి, ఆళ్లే చూసుకుంటారులే" అనుకున్నాం. ఒకరోజు తెల్లారుజామున పురుగుమందు డబ్బా పక్కన ఆమెను పక్కింటి పిల్ల చూసింది. చూసింది కాబట్టి దక్కింది.

ఆ తర్వాత మేం పోయి కూచున్నాం. "ఏందక్కా, ఏం కష్టమొచ్చింది?" అంటే చాలాసేపు ఏం చెప్పలా. చివరికి చెప్పిన మాట ఇది: "కాటా కాడ నా పేరు పిలుత్తుంటే గుండె దడదడలాడుద్దయ్యా. నిన్న ఎన్ని కిలోలు, ఇయ్యాల ఎన్ని కిలోలు అని అందరి ముందూ సదువుతాడు. తగ్గితే కులం పేరెత్తి తిడతాడు. బాకీ ఎంత తీరిందో సెప్పడు. అడిగితే తిడతాడు."

ఇందులో గాలి ఎక్కడుంది? దెయ్యం ఎక్కడుంది? అడ్వాన్సు ఉంది, కాటా ఉంది, తిట్టు ఉంది, లెక్క చెప్పని పుస్తకం ఉంది. ఇవి నాలుగూ మనుషులు పెట్టినవి. మనుషులు పెట్టిన వాటిని మనుషులు తీసెయ్యగలరు.

ఇదేదో మేం కొత్తగా కనిపెట్టిన మాట కాదు. 2021లో ఐఎస్ఓ అనే అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 45003 అనే నంబరుతో ఒక పద్ధతి రాసింది. పనిచేసే చోట మనసుకు ఏ ప్రమాదాలున్నాయో ముందు గుర్తించాలి, ఎవరికి ఎంత దెబ్బ తగులుతుందో అంచనా కట్టాలి, ఆ ప్రమాదాన్ని తగ్గించాలి, తగ్గిందో లేదో మళ్లీ చూడాలి అని దాని సారం. 2022 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా మార్గదర్శకాలు ఇచ్చింది. దిగులు జబ్బు, ఆందోళన జబ్బు, ఈ రెండింటివల్లే ప్రపంచంలో ఏటా 1,200 కోట్ల పనిదినాలు పోతున్నాయని ఆ సంస్థా, అంతర్జాతీయ కార్మిక సంస్థా కలిసి చెప్పాయి. పని భారం, పని వేగం, పని మీద మనిషికి మాట చెల్లకపోవడం, వేధింపు, రేపు పని ఉంటదో ఉండదో తెలియకపోవడం, ఇవన్నీ ప్రమాదాలేనని పెద్దపెద్ద ఆఫీసుల వాళ్లు ఒప్పుకుంటున్నారు. ఏసీ గదిలో కంప్యూటరు ముందు కూచునే ఉద్యోగికి ఇది వర్తిస్తే మిట్టమధ్యాహ్నం మిరప చేలో వంగి ఉన్న మనిషికి వర్తించదా? మనకు హెచ్చార్ ఆఫీసు లేదు. మనకున్నది మేస్త్రి. ఆ మేస్త్రికి ఈ కాగితం ఎవరూ పంపలేదు.

ఇప్పుడు మన చేలల్లోకి రండి. పర్చూరు, మార్టూరు, చిలకలూరిపేట, ప్రత్తిపాడు, సత్తెనపల్లి, ఏ పక్కకు పోయినా ఆ నల్లరేగడే, ఆ పత్తీ మిరపే. మిరప కోతలకు తెల్లవారుజామునే ఆటో ఎక్కాలి. ఎక్కాల్సిన వాళ్లు ఏడెనిమిది మంది అయితే ఎక్కేది పదిహేను మంది. ఆ ఆటో బోల్తా పడిన వార్త మనం ఎన్నిసార్లు వినలేదు? చంకలో పిల్లని ఇంట్లో దింపి ఆ ఆటో ఎక్కే తల్లి రోజు ఆ భయంతోనే మొదలవుతుంది. చేలో చాటు ఉండదు. ఒంటికి పోవాల్సి వస్తదని ఆడవాళ్లు పొద్దుటి నుండి నీళ్లే తాగరు. సాయంత్రానికి తలనొప్పి, ఒంట్లో మంట, చిరాకు. ఇంటికొచ్చాక మిరప ఘాటుకు చేతులు మండిపోతుంటయ్యి. మజ్జిగ పోసుకుంటారు, నూనె రాసుకుంటారు, రాత్రి నిద్రుండదు. చంటిపిల్లని ముట్టుకుంటే పిల్ల కేరుమంటది. బిడ్డని ఎత్తుకోలేని తల్లి మనసు ఎట్టా ఉంటదో ఏ డాక్టరు చీటీలో రాస్తాడు?

మగవాళ్ల సంగతి వేరే. మందు కొట్టే పని మన కుర్రాళ్లదే. ముక్కుకు గుడ్డ కూడా లేకుండా పంపు భుజానికి ఎత్తుకుంటారు. ఆ మందుల్లో చాలావాటికి నరాల మీద పనిచేసే గుణం ఉంది, పురుగుకైనా మనిషికైనా. తల తిరగడం, చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, ఏడుపు రావడం వస్తే "తాగొచ్చాడు" అంటారు. నిజంగా తాగేవాళ్లు లేరని మేం అనం. ఉన్నారు, మనలోనే ఉన్నారు. సాయంత్రం సారా షాపు కాడికి పోయే మనిషి పగలంతా ఏం పడి వచ్చాడో కూడా అడగమంటున్నాం. అడిగితే పెళ్లాం మీద చెయ్యి చేసుకోవడం ఒప్పు అయిపోదు, ఆ లెక్క వేరే ఉంది.

ఇక కౌలు. మన పల్లెల్లో ఎకరమో రెండెకరాలో కౌలుకు తీసుకుని మిరప వేసే వాళ్లు పెరిగారు. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చిపెట్టినప్పుడు గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో రైతులు పురుగుమందే తాగి చచ్చిపోయిన రోజులు పెద్దవాళ్లకు గుర్తున్నయ్యి. అందులో కౌలుదార్లు ఎంతోమంది. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి మిరప పూత పూతంతా రాలిపోయింది. చేలు దున్నేసిన వాళ్లున్నారు. పంట పోయినా కౌలు పోదు, వడ్డీ పోదు. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది గానీ కార్డు రావాలంటే భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెట్టాలని అందులో రాశారు. మాలా మాదిగ కౌలుదారుడికి ఆ సంతకం ఎంతమంది పెట్టారో ఇక్కడ చేతులెత్తమంటే తేలిపోద్ది. కార్డు లేకపోతే బ్యాంకు అప్పు లేదు, నష్టపరిహారం లేదు. చనిపోతే రైతు కూడా కాడు. 2004 జూన్‌లో వచ్చిన 421 నంబరు జీవో రైతు ఆత్మహత్య కుటుంబానికి సాయం చెయ్యమంది. కూలి చేసే మనిషి చనిపోతే ఆ జీవోలో చోటు లేదు. 2022లో దేశంలో వ్యవసాయంలో ఉండి ఆత్మహత్య చేసుకున్న వాళ్లు 11,290 మంది అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అందులో రైతులు 5,207, వ్యవసాయ కూలీలు 6,083. పేపర్లో హెడ్డింగు ఎప్పుడూ "రైతు ఆత్మహత్యలు" అనే ఉంటది. ఎక్కువ మంది కూలీలు. ఆ మాట ఎవరూ పెద్దక్షరాల్లో వెయ్యరు.

కులం సంగతి చివర్లో చెబుదామని పెట్టుకోలేదు, అది అన్నిట్లోనూ ఉంది. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగలను చంపారు. మంచినీళ్ల చెరువు కాడ బిందె ఎత్తి ఎదురునిలిచిన మున్నంగి సువార్తతో మొదలైన గొడవ అది. బతికినవాళ్లు చీరాల చేరి శిబిరంలో ఉన్నారు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. అంతకు ముందు వారాల తరబడి మాలపల్లెను వెలివేశారు, పనులకు పిలవలేదు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది, 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. ఈ రెండు ఊళ్లూ 2022 నుండి బాపట్ల జిల్లా కింద ఉన్నయ్యి. జిల్లా పేరు మారితే జ్ఞాపకం మారదు కదా. మనం పనికి పోయే చేను ఎవరిదో, ఆ చేనుగల వాళ్ల మనుషులు ఏం చెయ్యగలరో మన అమ్మలకు తెలుసు. అందుకే మేస్త్రి తిడితే నోరు మూసుకోమని మనకు చిన్నప్పుడే నేర్పారు. అది పిరికితనం అంటే మేం ఒప్పుకోం. ప్రాణం కాపాడుకోవడానికి నేర్చుకున్న విద్య అది. కానీ నలభై ఏళ్లు నోరు మూసుకున్న మనిషి లోపల ఏం జరుగుద్దో కూడా ఆలోచించాలి.

సరే, ఏం చేశామో చెబుతాం. ఆ అక్క సంగతి జరిగాక మేం అంబేద్కర్ విగ్రహం కాడ రాత్రి తొమ్మిది తర్వాత కూచోవడం మొదలెట్టాం. ఆడవాళ్లు వేరే, మగవాళ్లు వేరే, ఎందుకంటే కలిసి కూచుంటే ఆడవాళ్లు మాట్లాడట్లేదు. డిగ్రీ చదివే అమ్మాయి ఒకతి రాసింది. పేర్లు రాయలేదు. అడిగిన ప్రశ్నలు తేలికవి. పొద్దున పనికి పోవాలంటే ఏది తలుచుకుంటే భయం వేస్తది? పనిలో నువ్వు వద్దు అనగలిగింది ఏదైనా ఉందా? నీ బాకీ ఎంతో నీకు తెలుసా? ఎవరు తిడతారు, ఏ మాటతో తిడతారు? రాత్రి నిద్ర పడుతుందా? చచ్చిపోదామని ఎప్పుడన్నా అనిపించిందా? ఈ ఆఖరు ప్రశ్న అడగడానికి మేం జంకాం. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. డాక్టరమ్మ ఒకావిడ చెప్పింది, అడిగితే పుట్టదు, లోపలున్నది బయటికొస్తది, అడగండి అని. అడిగాం. ఎంతమంది తలూపారో ఇక్కడ చెప్పం. మేం అనుకున్న దానికంటే ఎక్కువ.

మేం అనుకున్నది ఒకటి, తేలింది ఇంకొకటి. కూలి తక్కువే పెద్ద బాధ అనుకున్నాం. కూలి తక్కువని అందరూ చెప్పారు, నిజమే. కానీ నిద్ర చెడగొట్టేది ఏదంటే ఎక్కువ మంది చెప్పింది రెండు సంగతులు. బాకీ ఎంతో తెలియకపోవడం ఒకటి, కాటా కాడ అందరి ముందు తిట్టు రెండు. మూడోది ఆడవాళ్లు మాత్రమే చెప్పారు. చాటు లేకపోవడం, ఆ వంకన వెంటపడే చూపులు, చేతులు.

తేలిన వాటిని పట్టుకుని మేస్త్రుల కాడికి, తర్వాత రైతుల కాడికి పోయాం. అడిగినవి ఇవి: అడ్వాన్సు లెక్క ప్రతి శనివారం కూలీ చేతిలో ఉండే చిన్న పుస్తకంలో రాయాలి. కాటా మన ముందే వెయ్యాలి, కిలోలు గట్టిగా చదవకూడదు. కులం పేరెత్తకూడదు. చేను గట్టున నాలుగు రాటలు పాతి పట్టా చుట్టి మరుగు కట్టాలి, మంచినీళ్లు పెట్టాలి. ఆటోలో ఇంతకంటే ఎక్కించకూడదు. ఇందులో కూలి పెంచమన్న మాట ఒక్కటీ లేదు, గమనించండి. అయినా ఒప్పుకోలేదు. "ఇన్నాళ్లు లేని మరుగు ఇప్పుడెందుకే?" అన్నారు. మిరప రెండో కోత టయానికి మేం రెండు రోజులు దిగలేదు. పండిన కాయ చెట్టున ఆగదు, అది వాళ్లకు తెలుసు. మూడో రోజున కర్నూలు వైపు నుండి, ఆదోని, ఎమ్మిగనూరు పక్క పల్లెల నుండి కోతలకు వచ్చిన వాళ్లను దింపారు.

ఇక్కడ మన కుర్రాళ్లకు కోపం వచ్చింది. కర్రలు కూడా తీశారు. మేం అడ్డం పడ్డాం. రాత్రి వాళ్ల గుడారాల కాడికి పోయి చూశాం. పట్టా కింద పిల్లా జెల్లా, దీపం లేదు, నీళ్లు చేలో బోరువి. బడి మానిన పిల్లలు. వాళ్లకూ అడ్వాన్సే, మనకంటే పెద్ద అడ్వాన్సు, ఇంటికి పోదామన్నా పోలేని అడ్వాన్సు. వాళ్లలో ఒక పెద్దాయన, "మీరు రెండు దినాలు మానుకోని ఇంట్లో ఉంటిరి, మేము యాడికి పోవల్ల?" అన్నాడు. ఆ మాటకు మా దగ్గర జవాబు లేకపోయింది. మన అడిగిన వాటిలో వాళ్ల గుడారాలకు నీళ్లు, దీపం కూడా కలిపాం. కొందరు రైతులు మరుగు కట్టారు. చిన్న పుస్తకాలు ఇద్దరు మేస్త్రులు ఇచ్చారు, మూడో ఆయన ఇవ్వలేదు, ఇప్పటికీ ఇవ్వలేదు. కాటా కాడ కులం తిట్టు తగ్గింది, ఆగిపోలేదు. ఆటో సంగతి తేలలేదు, ఎందుకంటే తక్కువ మందిని ఎక్కిస్తే మనిషికి చార్జీ పెరుగుద్ది, అది ఎవరు ఇవ్వాలో ఒప్పందం కాలేదు. గెలిచామని చెప్పుకోవడానికి రాలేదు మేం. ఆ అక్క ఇప్పుడు తన పుస్తకం తను చూసుకుంటది, బాకీ ఎంతుందో తెలుసు. పాట ఇంకా ఎత్తుకోలేదు.

పురుగుమందు సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. మనిషికి చావాలనిపించే ఘడియ చాలాసార్లు కొద్దిసేపే ఉంటది. ఆ కొద్దిసేపట్లో చేతికి ఏం అందుద్ది అన్నదే ప్రాణం. శ్రీలంకలో 1995 నుండి మోనోక్రోటోఫాస్ లాంటి ఘోరమైన మందుల్ని ఒక్కోటీ నిషేధించుకుంటూ పోయారు. ఇరవై ఏళ్లలో ఆత్మహత్యల రేటు 70 శాతం దాకా తగ్గింది. మన దేశంలో ఎండోసల్ఫాన్ 2011లో సుప్రీంకోర్టు చెబితే ఆగింది. మోనోక్రోటోఫాస్ 36 శాతం మందును తీసెయ్యమని కేంద్రం 2023లో గానీ ఉత్తర్వు ఇవ్వలేదు. ఆ లోపల ఎన్ని పల్లెల్లో ఎన్ని పాడెలు లేచాయో. ఇంట్లో తాళం పెట్టె పెట్టుకుంటే చాలనుకోకండి. శ్రీలంకలోనే పల్లెలకు పల్లెలు పెట్టెలు పంచి చూశారు, దానివల్ల తేడా రాలేదని 2017లో బయటపెట్టారు. కాబట్టి అసలు ఇంటికే తేవద్దు. మందు కొట్టి వచ్చే కుర్రాడి చేత మిగిలిన డబ్బా ఇంటికి పంపే పద్ధతి ఆపాలి. చేను ఎవరిదో మందు వాళ్ల దగ్గరే ఉండాలి.

ఆఫీసర్లు వస్తుంటారు, ధైర్యంగా ఉండండి, యోగా చెయ్యండి అంటారు. చేసేవాళ్లు చెయ్యండి, మాకేం అడ్డం లేదు. కానీ కాటా కాడి తిట్టు అట్టాగే ఉంచి తిట్టు తిన్నవాడికి ఊపిరి పీల్చుకోవడం నేర్పితే ఎట్టా? బాబాసాహెబ్ 1942 నుండి 1946 దాకా వైస్రాయి మండలిలో కార్మిక శాఖ చూశారు. అలిసిపోయిన కార్మికుడికి ఓపిక గురించి ఉపన్యాసం ఇవ్వలేదు ఆయన. 1946లో ఫ్యాక్టరీ పని వారానికి 48 గంటలకు తగ్గింది. ముందు పనిని సరిచెయ్యాలి. అలాగని మనిషికి వైద్యం వద్దని కాదు. పని మారేదాకా జబ్బు ఆగదు. రెండు వారాలు దాటి నిద్ర లేకుండా, తిండి సయించకుండా, మాట్లాడకుండా ఉన్న మనిషిని జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. తాయెత్తు కట్టుకుంటే కట్టుకోండి, ఆసుపత్రికి మాత్రం పోండి. 14416 అనే నంబరుకు ఎప్పుడైనా ఫోను చెయ్యొచ్చు, టెలిమానస్ అంటారు, 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వాళ్ల మీద కేసు పెడతారని భయపడి ఆసుపత్రికి తీసుకుపోని వాళ్లున్నారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను ప్రకారం అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు.

చట్టాలు ఇంకా ఉన్నయ్యి. అడ్వాన్సు పేరుతో వేరే చోట పని చెయ్యనివ్వకపోతే అది 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తది. నలుగురు చూస్తుండగా కులం పేరుతో తిడితే, సంఘ బహిష్కరణ చేస్తే 1989 అత్యాచార నిరోధక చట్టం. చేలో ఆడవాళ్ల మీద చెయ్యి వేస్తే 2013 చట్టం ప్రకారం జిల్లాలో ఉండే స్థానిక కమిటీకి మూడు నెలల లోపు అర్జీ ఇవ్వాలి. కూలి పని చేసే వాళ్లకు ఆ చట్టం లేదనుకోకండి, ఉంది. మీ జిల్లాలో ఆ కమిటీ ఎక్కడ కూచుంటుందో కలెక్టరాఫీసులో అడగండి. మేం అడిగిన చోట ముగ్గురు గుమాస్తాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఇప్పుడు మీరు చెయ్యాల్సింది. ప్రశ్నల కాగితాలు వేదిక పక్కన బల్ల మీద ఉన్నయ్యి. పల్లెకు పది తీసుకోండి. చదవడం వచ్చిన పిల్లని ఒకరిని, ఊళ్లో అందరూ నమ్మే పెద్దమ్మను ఒకరిని జత చెయ్యండి. పేర్లు రాయొద్దు. చచ్చిపోవాలనుందని ఎవరన్నా చెబితే కాగితం పక్కన పెట్టి ఆ మనిషి దగ్గరే కూచోండి, ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు, ఇంట్లో మందు డబ్బా ఉంటే ఆ పూటే తీయించండి. కోతలు మొదలయ్యే లోపు కాగితాలన్నీ మాకు చేరాలి. కర్నూలు వాళ్లు గుడారాలు వేసిన ఊళ్ల వాళ్లు అక్కడికి కూడా పోవాలి, వాళ్ల కోసం ఇరవై కాగితాలు వేరే కట్ట కట్టి పెట్టాం.

జై భీమ్.